మిత్రుడు వచ్చినప్పుడు మన విశాఖను మనమే కొత్తగా ఎలా చూడాలి?

విశాఖపట్నంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నవారిలో కూడా తొట్లకొండ ఎక్కనివారు, కురుసుర జలాంతర్గామి లోపలికి అడుగుపెట్టనివారు చాలామంది కనిపిస్తారు. ఉన్న ఊరే కదా, ఎప్పుడైనా చూడవచ్చులే అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. కలిసి చదువుకున్న మిత్రుడో, స్నేహితురాలో నాలుగు రోజులు ఉండేలా వస్తే ఆ బాకీ తీర్చుకోవడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు. అయితే ఊరు చూపించడం వేరు, వచ్చినవారితో పాటు మనమూ చూడడం వేరు. రెండోది జరగాలంటే కొంత సన్నాహం కావాలి.

మొదటి పని: ముందుగా అడగండి

జాబితా రాసుకోకముందే మిత్రుడికి ఫోన్ చేసి, ఇక్కడ ఏమేం తినాలని ఉందో, మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగండి. రెండో ప్రశ్న చిన్నదిగా కనిపించినా ప్రణాళిక అంతా దాని మీదే నిలుస్తుంది. జలాంతర్గామిలో ఒక గది నుంచి మరో గదికి వంగి గుండ్రటి ద్వారాల గుండా దాటాలి, తొట్లకొండ మీద ఎండలో నడవాలి. ఆ తరువాత ఆయన మళ్లీ చూడాలనుకునేవి రెండు, మీరు ఇంతవరకూ చూడనివి రెండు ఎంచుకోండి. రోజుకు రెండు స్థలాలకు మించి పెట్టుకోవద్దు. మూడోది పెట్టుకున్న రోజున మాట్లాడుకోవడానికి సమయం మిగలదు, పాత మిత్రులు కలిసేది అందుకే కదా.

రెండో పని: స్థలం కన్నా ముందు వేళను ఎంచుకోండి

విశాఖలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యోదయం నీళ్ల మీద కనిపిస్తుంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత భాగం వాహనాలు లేకుండా నడిచేవారికి వదులుతారు కనుక మొదటి రోజు అక్కడి నుంచే మొదలుపెట్టండి. రామకృష్ణా బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ, అక్కడ పాదాలు తడుపుకోవడంతో ఆగిపోవాలి.

మరో ఉదయం చేపల రేవుకు వెళ్లండి. తడిసినా ఫరవాలేదనిపించే చెప్పులు వేసుకోండి. పడవల నుంచి గంపలు దిగుతుండగానే వేలం పాట మొదలవుతుంది. వంజరం, చందువా, కొమ్ముకోనాం, పీతలు, రొయ్యలు కుప్పలుగా పోసి ఉంటాయి. అక్కడివారు పనిలో ఉంటారు కాబట్టి దారికి అడ్డం నిలబడకుండా, అడిగిన తరువాతే ఫోటో తీయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో రేవు బోసిగా ఉంటుంది.

మూడో పని: తెలిసిన చోట కూడా వివరం చెప్పేవారి మాట వినండి

కురుసుర పక్కనుంచి వెళ్లినప్పుడల్లా దాన్ని బీచ్ రోడ్డులో ఒక గుర్తుగానే చూసేవాణ్ణి. లోపల విశ్రాంత నౌకాదళ సిబ్బంది వివరిస్తుంటే విన్నాక ఆ భావన పోయింది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ సోవియట్ తయారీ జలాంతర్గామి 2002లో ప్రదర్శనశాల అయింది. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు గొట్టంలో 75 మంది ఉండేవారు. టార్పెడోల పక్కనే పడకలు చూసి నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. ఎదురుగా ప్రదర్శనకు ఉంచిన నౌకాదళ నిఘా విమానం టీయూ-142ను కూడా అదే సాయంత్రం చూడవచ్చు. ఒక సోమవారం మేము వెళ్లి మూసిన గేటు చూసి తిరిగి వచ్చాము కాబట్టి సెలవు రోజును, వేళలను ముందే కనుక్కోండి.

బయటకు వచ్చాక మురీ మిక్స్చర్ తినకుండా కదలవద్దు. మరమరాలలో ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, కారం వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో టకటకమని కలిపి పొట్లం కట్టి ఇస్తారు. మెత్తబడకముందే, నిలబడే తినేయాలి.

నాలుగో పని: ఒక పూట భీమిలి దారికి కేటాయించండి

నగరం నుంచి భీమిలి వరకు సముద్రం పక్కనే సాగే ఈ దారికి కారు దొరికితే మేలు, లేకపోతే సిటీ బస్సులూ ఉన్నాయి. ఉదయాన్నే బయలుదేరి మొదట తొట్లకొండ ఎక్కండి. నౌకాదళం జరిపిన వైమానిక సర్వేలో బయటపడిన ఈ బౌద్ధారామాన్ని 1988–1993 మధ్య తవ్వి వెలికితీశారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. తొట్టి అంచున నిలబడి, రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు వాననీటిని ఇక్కడే పట్టుకునేవారన్న సంగతి తలచుకుని, తలెత్తి ఎదురుగా సముద్రాన్ని చూడండి. నీడ తక్కువ, కాబట్టి నీళ్ల సీసా, గొడుగు తప్పనిసరి.

ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. సముద్ర మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండగా గాలి వేల ఏళ్ల పాటు పోగుచేసిన ఇసుక, ఇనుము ఆక్సైడు పూతతో ఎర్రబడి ఈ రూపం పొందింది. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప అరుదు. గోడను వేలితో తాకితే చాలు, ఎర్రటి పొడి రాలి అరచేతికి అంటుకుంటుంది. అంత మెత్తనిది కనుకనే అంచులెక్కి జారడం, పేర్లు చెక్కడం దానికి నష్టం. మిత్రుడికి ఈ మాట చెప్పడం మీ బాధ్యత, మీ పిల్లలకు చెప్పడం ఇంకా పెద్ద బాధ్యత. రెండు స్థలాల నియమాన్ని ఈ ఒక్క పూటకు సడలించి, దారి చివర భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటును, డచ్చి వారి పాత సమాధులను చూసి, ఎండ ముదరకముందే వెనుదిరగండి.

చివరి రోజు ఏ స్థలమూ పెట్టుకోకండి. పాత హాస్టలు వీధి, టీ తాగిన చోటు, ఏది గుర్తొస్తే అటు నడవండి. ఆ టీ కొట్టు ఇప్పుడు లేకపోయినా ఎక్కడ ఉండేదో ఇద్దరూ వెతకండి. రైలెక్కించే ముందు మాడుగుల హల్వా ఒక పెట్టె కట్టించి ఇవ్వండి. కొన్ని రోజులు నిల్వ ఉంటుంది కాబట్టి ఎంత దూరం ప్రయాణమైనా ఇంటివారికి చేరుతుంది.