ఎండలు ముదరకముందే కాటన్ కుర్తీలు కొనే పద్ధతి

శివరాత్రి దాటగానే సింథటిక్ కుర్తీలన్నీ బీరువా పైఅరలోకి ఎక్కించేస్తాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మామయ్యగారు, వేళకాని వేళ వచ్చే చుట్టాలు. ఎవరు తలుపు కొట్టినా చున్నీ కోసం వెతుక్కోనక్కర్లేని బట్ట కావాలి నాకు.

షాపులో ముందు గుడ్డ కింద అరచెయ్యి పెట్టి వెలుతురుకి పట్టుకుంటాను. వేళ్లు లెక్కపెట్టగలిగితే లైనింగ్ తప్పదు. మల్‌మల్ మెత్తగా ఉంటుంది కానీ ఇక్కడే మోసం చేస్తుంది. మంగళగిరి కాటన్ నేత దట్టం, చాలావరకు లైనింగ్ లేకుండానే సరిపోతుంది. వేయిస్తే మాత్రం లైనింగూ కాటనే అయ్యుండాలి, లేకపోతే చెమటకి ఒంటికి అతుక్కుంటుంది.

ట్రయల్ రూములో అద్దం సంగతి తర్వాత. గొంతుక్కూర్చుంటాను, ముగ్గు వేసేటట్టు వంగుతాను, అటక మీద డబ్బా తీసేటట్టు చేతులెత్తుతాను. మెడ జారినా, చంకలో పట్టేసినా వద్దు. పక్క కట్ మరీ పైదాకా ఉంటే టైలర్‌తో నాలుగు అంగుళాలు మూయించుకోవచ్చు.

కుట్టించుకునేవాళ్లు గుడ్డని ఓ రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేశాకే ఇవ్వండి. పోయినేడు ఆ పని చెయ్యక నా నీలం కుర్తీ ఒక్క ఉతుకుకే రెండంగుళాలు పొట్టిదైంది. ఇప్పుడది మా పెద్దమ్మాయి వేసుకుంటోంది. జేబు మాత్రం పెట్టించుకోండి, కుడివైపు, ఫోను మునిగేంత లోతుగా.