కొత్త కరెంటు కనెక్షన్‌కి దరఖాస్తు: ఫారం కంటే ముందు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోండి

కొత్త కనెక్షన్ కావాలనగానే అందరూ ముందు ఫారం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. ఫారం కాసేపు పక్కన పెట్టండి. ముందు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని వెతకండి. ఎందుకంటే ఫారంలో కొన్ని గడులు మనంతట మనం నింపగలిగేవి కావు, వైరింగ్ పరీక్షించి చివర్లో ఇవ్వాల్సిన టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అర్హత మనకు లేదు, ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న తెలిసిన వైర్‌మ్యాన్‌కి కూడా ఉండకపోవచ్చు. ఈ సంగతి వైరింగ్ అంతా అయిపోయి, గోడలకు రంగులు కూడా పడ్డాక తెలిస్తే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. రిపోర్టు లేదని దరఖాస్తు ఆగిపోతుంది. ఇంకొకరు చేసిన పని గోడలో దాగి ఉంటే దాని మీద సంతకం పెట్టడానికి బాధ్యత తెలిసిన ఏ ఎలక్ట్రీషియనూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఇది కొత్త ఇంటికి మాత్రమే కాదు. సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్‌కి మారినా, లోడ్ పెంచుకున్నా, మీటరు చోటు మార్చుకున్నా, డాబా మీద సోలార్ పెట్టి గ్రిడ్‌కి (సంస్థ కరెంటు లైనుకి) కలిపినా దారి దాదాపు ఇదే. ఫారాల పేర్లు, రుసుములు, గడువులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, అవి మీ విద్యుత్ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

సరే, లైసెన్స్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అడగండి, అంతే. మొహమాటపడకండి. నిజంగా ఉన్నవాళ్లు కార్డు తీసి చూపిస్తారు. దాని మీద నాలుగు విషయాలు చూడాలి: పేరు, లైసెన్స్ నంబరు, గడువు తేదీ, ఏ రకం పనికి ఇచ్చారన్నది. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. ఇంట్లో వైరింగ్ చేయడానికి అనుమతి ఉన్న మనిషికి సోలార్‌ని గ్రిడ్‌కి కలిపే పనికో, హై టెన్షన్ పనికో అనుమతి ఉండాలని లేదు. లైసెన్స్ ఇచ్చే సంస్థ జాబితా ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే ఆ నంబరు అందులో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఇంకొకటి, లైసెన్స్ ఒకరిదీ పని చేసేది ఇంకొకరూ అయితే, పని జరిగేటప్పుడు లైసెన్స్ ఉన్న మనిషి అక్కడ ఉంటారా, పరీక్షలు స్వయంగా చేస్తారా అని ముందే తేల్చుకోండి. పని చూడకుండా కేవలం సంతకం అమ్మేవాళ్లు దొరుకుతారు. వాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇప్పుడు ఫారం తీయండి. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఆ స్థలం మీదే అని చూపించే కాగితం, అద్దెకుంటే యజమాని అనుమతి, ఇవన్నీ మీరే చూసుకోవచ్చు. అసలు ముడి అంతా లోడ్ గడి దగ్గర ఉంటుంది. ఎన్ని కిలోవాట్లు అని అడుగుతారు. చాలామంది పక్కింటివాళ్లు ఎంత రాశారో అంతే రాసేస్తారు. ఎలక్ట్రీషియన్ అయితే మీతో కూర్చుని ఏసీలు ఎన్ని, గీజరు ఉందా, నీళ్ల మోటారు ఎంత, రేపు కారు చార్జర్ పెట్టే ఆలోచన ఉందా అని అడిగి, అందులో ఏవేవి ఒకేసారి నడుస్తాయో చూసి లెక్క కడతాడు. సర్వీస్ వైరు మందం, మెయిన్ స్విచ్ సైజు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నవన్నీ ఆ అంకె మీదే ఆధారపడి ఉంటాయి. తక్కువ రాస్తే వైరు వేడెక్కుతుంది, ఎక్కువ రాస్తే అనవసరంగా డబ్బు కడుతూ ఉంటారు.

దరఖాస్తు అందాక సంస్థ వాళ్లు స్థలం చూసి, ఏ స్తంభం నుంచి లైను లాగాలో, ట్రాన్స్‌ఫార్మర్ ఆ లోడు మోయగలదో లేదో చూసుకుని మంజూరు చేస్తారు, కట్టాల్సింది కట్టమంటారు. ఆ మంజూరులో రాసిన లోడుకు తగ్గట్టే లోపలి పని ఉండాలి. మామూలుగా మీటరు దాకా వాళ్ల బాధ్యత, మీటరు తర్వాత మీది. ఆ హద్దు దాటి మీటరు సీలు ముట్టుకోవడానికి మీ ఎలక్ట్రీషియన్‌కి కూడా హక్కు లేదు.

పని అయ్యాక పరీక్షలు. నాకు ఈ లైసెన్స్ గొడవ ఎందుకో నిజంగా అర్థమైంది ఇక్కడే. మా పై అంతస్తు కనెక్షన్‌కి వచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు ప్లగ్గులన్నీ పీకించాడు, బల్బులు తీయించాడు, తర్వాత మెగ్గర్ అనే కొలిచే పరికరం తెచ్చి ఒక్కో సర్క్యూట్‌కీ 500 వోల్టుల డీసీ పెట్టి ఇన్సులేషన్, అంటే వైరు తొడుగు, బాగుందో లేదో చూశాడు. అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం ఐఈసీ 60364 ప్రకారం మామూలు ఇంటి సర్క్యూట్‌కి కనీసం 1 మెగా ఓమ్ రావాలి. మిగతావన్నీ వందల్లో చూపించాయి, ఒక పడక గది మాత్రం 0.3 దగ్గర ఆగిపోయింది. అతనేమీ మాట్లాడకుండా ఆ సర్క్యూట్‌ని మధ్యలో విడగొట్టి సగం చూశాడు, మళ్లీ అందులో సగం చూశాడు, చివరికి కిటికీ పైన కర్టెన్ రాడ్‌కి బిగించిన స్క్రూ దగ్గర తేలాడు. స్క్రూ గోడలో పైపు గుండా దిగి వైరు తొడుగుని గీరేసింది. మెగ్గర్ పెట్టకుండా కరెంటు ఇచ్చేసి ఉంటే లైటు వెలిగేది, ఫ్యాను తిరిగేది, అంతా బాగుందనే అనుకునేవాళ్లం, ఏదో ఒక రోజు కర్టెన్ జరపడానికి ఇనుప రాడ్ మీద చెయ్యి వేసేదాకా. ఆ కిటికీ దగ్గర రోజూ నిలబడేది మా అమ్మ.

మెగ్గర్‌తోనే అయిపోదు. ఎర్తింగ్ వైరు ప్రతి ప్లగ్గు దాకా తెగకుండా వెళ్లిందా, ఫేజూ న్యూట్రలూ తారుమారు కాలేదు కదా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) సరైన లీకేజీ దగ్గర పడిపోతోందా అని కూడా చూస్తారు. ఎంసీబీ (వైరులో కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) ఉంది కదా, ఈ ఆర్‌సీసీబీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనుషుల కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోవాలి. 16 ఆంపియర్లంటే దానికి ఐదు వందల రెట్లకు పైనే. ఎంసీబీ పడిపోయేదాకా మనిషి బతికి ఉండడు.

న్యూట్రల్ బిగింపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పైకి చూస్తే ఎంత చిన్నదో లోపల అంత పెద్ద ప్రమాదం. త్రీ ఫేజ్ కనెక్షన్‌లో మెయిన్ న్యూట్రల్ ఊడిందంటే, 230 వోల్టులు రావాల్సిన చోట తక్కువ లోడున్న ఫేజ్ మీద 400 దగ్గరికి కూడా వెళ్లొచ్చు. టీవీ, ఫ్రిజ్, చార్జర్లు అన్నీ ఒకేసారి పోతాయి. ఊడకపోయినా వదులుగా ఉంటే చాలు. ఒక జాయింట్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉండి 30 ఆంపియర్లు పోతున్నాయంటే ఆ వేలి గోరంత చోట 90 వాట్ల వేడి పుడుతుంది. అల్యూమినియం వైరుని రాగి వైరుతో నేరుగా మెలి తిప్పి టేపు చుడితే కొన్నాళ్లకు జరిగేది ఇదే. ఆ రెండు లోహాల్ని కలపడానికి వేరే లగ్గులున్నాయి (వైరు చివర బిగించే ముక్కలు), అవి తెలిసిన మనిషే వాడతాడు.

సోలార్‌కో జనరేటర్‌కో అయితే విషయం మన ఇంటి గడప దాటిపోతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పని చేస్తుంది. మామూలుగా వేల వోల్టుల్ని మనకు పనికొచ్చేలా తగ్గిస్తుంది, అదే మన ఇంటి నుంచి కరెంటు వెనక్కి ఎక్కితే దాన్ని మళ్లీ వేల వోల్టులకు పెంచేస్తుంది. కరెంటు పోయింది కదా అని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ చేతికి తగిలేది అదే. అందుకే గ్రిడ్‌కి కలిపే సోలార్ ఇన్వర్టర్ (ప్యానెల్ డీసీని ఏసీగా మార్చే పెట్టె), గ్రిడ్ పోగానే తనంతట తాను ఆగిపోవాలి. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం తన 1547 ప్రమాణంలో దీనికి పెట్టిన గడువు 2 సెకన్లు. జనరేటర్‌కైతే గ్రిడ్, జనరేటర్ రెండూ ఒకేసారి కలవడానికి వీల్లేని చేంజోవర్ స్విచ్ ఉండాలి. జనరేటర్ వైరు తెచ్చి ఏదో ఒక ప్లగ్గులో గుచ్చే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మానుకోండి, దయచేసి. ఇంకో మాట, వెలుతురు ఉన్నంతసేపూ సోలార్ ప్యానెల్ డీసీ (ఒకే దిశలో పోయే కరెంటు) ఇస్తూనే ఉంటుంది. ఏసీ కరెంటు (దిశ మారుతూ పోయేది) అయితే 50 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోవడానికి సందు దొరుకుతుంది, డీసీకి ఆ సందు లేదు. డీసీ కనెక్టర్ సరిగ్గా కూర్చోకపోతే మొదలైన మంట దానంతట అది ఆగదు.

ఇవన్నీ చూశాక ఎలక్ట్రీషియన్ టెస్ట్ రిపోర్టు రాసి, లైసెన్స్ నంబరు వేసి, సంతకం పెడతాడు. ఖాళీ ఫారం మీద ముందే సంతకం పెట్టి ఇస్తే తీసుకోకండి. రీడింగులు అంకెల్లో ఉండాలి, అన్ని గడుల్లోనూ ఓకే ఓకే అని రాసి ఉంటే అసలు కొలవలేదనే అర్థం. సంతకం కంటే విలువైనది ఆ అంకెలే, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే తప్పు మీటరుకు ఇవతల జరిగిందా అవతల జరిగిందా అని తేల్చే కాగితం ఇదే. ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేదీ ఇదే కావచ్చు.

రిపోర్టు అందాక సంస్థ తనిఖీకి వస్తుంది, అన్నీ సరిగ్గా ఉంటే మీటరు పెట్టి, సీలు వేసి, కరెంటు ఇస్తుంది. ఆ రోజు వీలైతే మీ ఎలక్ట్రీషియన్‌ని కూడా రమ్మనండి. లోపం చెబితే అక్కడికక్కడే సరిచేస్తాడు, మళ్లీ తేదీ కోసం తిరిగే పని ఉండదు. సీలు నంబరు, మొదటి రీడింగు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టెస్ట్ రిపోర్టు కాపీ ఒకటి ఇంటి కాగితాలతో పాటు పెట్టుకోండి. ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయే ముందు ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ని మీ చేత్తో ఒకసారి నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆయన్ని అప్పుడే పంపించకండి.