‘సెటిల్డ్’ అన్న ఒక్క మాట

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు అమ్మి విజయవాడ పటమటలో ఫ్లాటు కొందామని గృహరుణానికి వెళ్తే, సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి వేసే మార్కు) 638 మాత్రమే అన్నారు. నివేదిక తెప్పించి చూశాను. 2019లో క్రెడిట్ కార్డు బాకీని సగానికి తెంచుకుని మురిసిపోయాను కదా, అది ‘సెటిల్డ్’ అని కూర్చుంది. బ్యాంకుల దృష్టిలో అది తీర్చిన అప్పు కాదు, సగం ఎగ్గొట్టిన అప్పు! మిగతా సగమూ కట్టి (చేయి వణికింది), బాకీ లేదన్న పత్రం తీసుకున్నాను. అయినా నివేదిక మారలేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరం నమోదు చేశాను. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. గడువులోపే నివేదికలో ‘సెటిల్డ్’ కాస్తా ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అయింది. స్కోరుది మాత్రం నత్తనడకే. ఎనిమిది నెలలు కొత్త అప్పు జోలికి పోలేదు. 724కు చేరాక, మా ఆవిడను సహ రుణగ్రహీతగా చేర్చి మళ్లీ వెళ్లాను. మంజూరైంది. వడ్డీ అర శాతం ఎక్కువే పడింది.