స్లోలో నిలవని బండి: కోడ్ చదవడానికి ముందు, చదివిన తర్వాత

ఎక్సలేటర్ ముట్టకుండా ఇంజన్ తనంతట తాను నడిచే వేగమే స్లో. సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ వదలగానే ఇంజన్ ఆగిపోవడం, లేదా ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఒక చోట నిలవకుండా పైకీ కిందికీ ఊగడం బండి నడిపేవారిలో చాలామంది చూసినదే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 కాలుష్య నియమాలు అమలులోకి రావడంతో నూరు సీసీ బండ్లకు సైతం ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి) వచ్చింది. అప్పటిదాకా కార్బొరేటర్ స్క్రూను పావు చుట్టు తిప్పి సరిచేసిన పని ఇప్పుడు ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ చేతుల్లోకి వెళ్లింది. ఈసీయూ తనకు తోచిన లోపాన్ని కోడ్ రూపంలో చెబుతుంది. అయితే కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్ నుంచి వస్తున్న సంకేతం తేడాగా ఉందో మాత్రమే. ఏ పార్టు పాడైందో అది చెప్పదు. ఈ తేడా గమనించకనే చాలామంది బాగున్న సెన్సర్లను మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు.

పరికరాలు పట్టుకునే ముందు లోపం ఎప్పుడు కనిపిస్తోందో గమనించాలి. చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతూ, వేడెక్కాక బాగుంటే ఒక దారి; చల్లగా బాగుండి, అరగంట నడిపాక స్లోలో నిలవకపోతే మరో దారి. చిన్న సింగిల్ సిలిండర్ బండ్లలో వేడెక్కిన తర్వాత స్లో సాధారణంగా 1400 ఆర్‌పీఎం దరిదాపుల్లో ఉంటుంది. మీ బండికి ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూసుకోండి. ఇంజన్‌ను ఆరుబయటే నడపాలి, మూసిన షెడ్డులో నడపకూడదు.

మొదట బ్యాటరీ చూడండి. ఇంజన్ ఆపి కొంతసేపు ఉంచాక 12.4 వోల్టుల కంటే బాగా తక్కువ చూపిస్తే, మిగతా పరీక్షలను నమ్మలేం. ఇంజన్‌ను కాస్త రేస్ చేసినప్పుడు 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య రావాలి. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, ఎక్సలేటర్ కేబుల్. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు స్లో పెరిగితే కేబుల్ బిగుతుగా ఉన్నట్టే, ఆ బండికి కోడ్ చదవాల్సిన పనే లేదు.

స్లో అదే పనిగా ఊగుతుంటే, లేదా మామూలు కంటే ఎక్కువగా ఉంటే, గాలి లీకును అనుమానించాలి. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీకీ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే రబ్బరు ఎండకు పగిలినా, దాని క్లిప్పు వదులైనా, కొలతలో లేని గాలి లోపలికి చొరబడి పెట్రోలు-గాలి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి అది పలచబడుతుంది. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆ అతుకుల మీద సీసాతో సన్నగా నీళ్లు చల్లండి. ఆర్‌పీఎం మారితే లీకు దొరికినట్టే. దీనికి పెట్రోలు చల్లేవారూ ఉన్నారు; వేడి సైలెన్సర్ పక్కన అది ప్రమాదకరం.

ఇప్పుడు కోడ్ సంగతి. తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైట్ కాసేపు వెలిగి ఆరిపోవడం మామూలే. అసలు వెలగకపోతే ముందు ఆ లైట్‌నూ దాని వైరింగ్‌నూ చూడాలి. కొన్ని బండ్లు కోడ్‌ను ఆ లైట్ మెరుపుల్లో చెబుతాయి. ఉదాహరణకు హోండా సీబీఆర్ 250ఆర్‌లో పొడవాటి మెరుపు పదికి, పొట్టి మెరుపు ఒకటికి లెక్క: ఏడు పొట్టి మెరుపులు ఇంజన్ ఉష్ణోగ్రత సెన్సర్‌ను, ఎనిమిది థ్రాటిల్ సెన్సర్‌ను, రెండు పొడవు, తొమ్మిది పొట్టి కలిపి 29 స్లో గాలిని నియంత్రించే వాల్వ్‌ను సూచిస్తాయి. కోడ్ చదివే స్కానర్ తగిలిస్తే పి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు వస్తాయి: పి0505 స్లో నియంత్రణకు, పి0122, పి0123 థ్రాటిల్ సెన్సర్‌కు, పి0117, పి0118 ఉష్ణోగ్రత సెన్సర్‌కు సంబంధించినవి. పి1తో మొదలయ్యేవి కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వాటికి ఆ బండి మాన్యువలే ఆధారం. కోడ్‌ను రాసుకోకుండా చెరిపేయకండి. దానితోపాటు దాచి ఉన్న వివరాలూ పోతాయి.

పి0505 వస్తే వాల్వ్ మార్చమనే సలహా తరచూ వినిపిస్తుంది. నా అనుభవంలో అక్కడ ఎక్కువసార్లు దొరికేది కార్బన్ మసి. థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉన్నప్పుడు మిగిలే సన్నని సందులోనూ, పక్కదారి గాలి రంధ్రంలోనూ ఆ మసి పేరుకుంటే ఈసీయూ ఎంత సర్దినా గాలి చాలదు. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి. స్క్రూడ్రైవర్‌తో గీరకూడదు, వాల్వ్ కడ్డీని చేత్తో నొక్కకూడదు. తర్వాత కోడ్ చెరిపి, మాన్యువల్ వేరే పద్ధతి చెప్పకపోతే, ఎక్సలేటర్ ముట్టకుండా ఇంజన్‌ను వేడెక్కేదాకా స్లోలో వదిలితే ఈసీయూ కొత్త స్థితికి అలవాటు పడుతుంది.

ఉష్ణోగ్రత సెన్సర్ కోడ్ వస్తే ముందు దాని కనెక్టర్ విప్పి, పచ్చ పట్టిన పిన్నులు, విరిగిన వైరు ఉన్నాయేమో చూడండి. వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సర్ నిరోధం తగ్గాలి; మల్టీమీటర్‌తో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలిస్తే తెలిసిపోతుంది. అది ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అబద్ధం చెబితే ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గు నల్లబడి, వేడి ఇంజన్ స్లోలో తడబడుతుంది.

కోడ్ ఏదీ లేకుండా, వేడెక్కాక మాత్రమే ఆగిపోయే బండి విషయంలో ట్యాపెట్ల (వాల్వ్‌లను తెరిచే భాగాల) సందు కొలిపించండి. మోత వస్తేనే ట్యాపెట్లు చూపించడం మనకు అలవాటు. బిగుసుకున్న ట్యాపెట్లు మోత పెట్టవు సరికదా, ఇంజన్ వినడానికి మరింత మెత్తగా ఉంటుంది. కానీ వేడికి వాల్వ్ సాగి పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. దీన్ని కనిపెట్టే సెన్సర్ బండిలో లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే, సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో, ఇన్‌టేక్‌కూ ఎగ్జాస్ట్‌కూ మాన్యువల్ చెప్పిన వేర్వేరు కొలతల ప్రకారం సరిచేయాలి.

మరమ్మతు అయ్యాక బండిని ఒక రాత్రి చల్లారనిచ్చి, ఉదయం స్టార్ట్ చేసి, అరగంట నడిపి మళ్లీ స్లో చూడండి. అదే కోడ్ తిరిగి వస్తే సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య వైరుకు, ఎక్కడా తెగలేదని చూసే కంటిన్యుటీ పరీక్ష చేయించాకే కొత్త పార్టు కొనాలి.