పాత రైఫిల్‌ను తెలుసుకోవడం – మూడవ పాఠం: కాల్చిన తూటా డొప్పను పరీక్షించడం

గడచిన రెండు పాఠాలలో గొట్టం లోపలి భాగాన్ని, గొట్టాన్ని వెనుకనుండి మూసే బోల్టును పరిశీలించాము. ఈ పాఠంలో ఆ రెండింటి మధ్య నిలిచి పేలుడు ఒత్తిడిని భరించే ఇత్తడి డొప్పను గురించి నేర్చుకుందాము. తూటాలో ప్రైమర్ (సూది దెబ్బకు నిప్పు పుట్టించే అడుగుబిళ్ల), మందు, గుండు, డొప్ప అని నాలుగు భాగాలుంటాయి. కాల్చిన తరువాత మొదటి మూడింటి పని ముగిసిపోతుంది. తిరిగి వాడదగినదిగా మన చేతికి వచ్చేది డొప్ప ఒక్కటే. ఆఫ్రికాలో అనుమతితో అడవిదున్నల వేటకు వెళ్లేవారు తమ తూటాలను తామే నింపుకొనేటప్పుడు మందు తూచడానికి ముందు డొప్పను పరీక్షించేది ఇందుకే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి మందు నింపే పని ఈ పాఠాలలో ఉండదు. అయితే వరంగల్, ములుగు, ఆదిలాబాద్ ప్రాంతాల పాత ఇళ్లలో తాతల కాలం నాటి రైఫిల్ లైసెన్సుతో వారసులకు సంక్రమించినప్పుడు, దాని వెంట వచ్చిన ఖాళీ డొప్పలు ఆ రైఫిల్ స్థితిని గురించి చెప్పగలిగినంత వివరంగా మరేదీ చెప్పదు. గుండు ఇంకా బిగించి ఉన్న తూటాలు ఆ పెట్టెలో కనిపిస్తే వాటిని విప్పకూడదు, కాల్చి చూడకూడదు. లైసెన్సు ఉన్న డీలరునో పోలీసు స్టేషనునో సంప్రదించి అప్పగించాలి. మన అభ్యాసమంతా ప్రైమర్ మీద సూది దెబ్బ స్పష్టంగా ఉన్న ఖాళీ డొప్పలతోనే.

మొదట డొప్ప అడుగున చెక్కిన అక్షరాలను భూతద్దంతో చదివి, అవి గొట్టం మీద చెక్కిన పేరుతో సరిపోతున్నాయో లేదో చూడాలి. తరువాత అడుగు ఆకారాన్ని గమనించాలి. మన ఆయుధ కర్మాగారాల .315 రైఫిల్ తూటాకు, రెండు గొట్టాల రైఫిళ్లలో వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌కు అడుగున వెడల్పయిన అంచు ఉంటుంది. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్‌కు అంచుకు బదులు అడుగుభాగం చుట్టూ ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది. ఛాంబర్‌లో (గొట్టం వెనుక కొనన తూటా కూర్చునే గదిలో) తూటా ఎంత లోతున ఆగాలో నిర్ణయించేది ఈ అంచు లేదా పట్టీయే. ఈ విషయం మళ్లీ అవసరమవుతుంది కనుక గుర్తుంచుకోవాలి.

తూటా డొప్పకు వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. పేలిన క్షణంలో డొప్ప ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కొని, వేడి వాయువులు వెనుకకు రాకుండా అడ్డుకొంటుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకొని సులభంగా బయటికి వస్తుంది. ఇలా సాగి ముడుచుకొన్న ప్రతిసారీ ఇత్తడి బిరుసెక్కుతుంది. పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును సుత్తితో మలుస్తూ, బిరుసెక్కినప్పుడల్లా దాన్ని కాల్చి మెత్తబరచుకొని మళ్లీ పని సాగించడంలో ఉన్నదీ ఇదే లోహ ధర్మం. తూటాలు నింపేవారు కూడా డొప్ప మెడను (గుండును పట్టి ఉంచే పైకొనను) వేడిచేసి మెత్తబరుస్తారు. అయితే ఆ వేడి మెడను దాటి అడుగుకు చేరకూడదు. అడుగుభాగం గట్టిగా ఉండాలి. అది మెత్తబడితే అసలు ఒత్తిడిని ఆపలేదు.

బిరుసెక్కిన మెడ నిలువుగా చిట్లుతుంది. డొప్పను వెలుతురుకు ఎదురుగా పెట్టి నెమ్మదిగా తిప్పుతూ చూస్తే వెంట్రుకవాసి పగులు కూడా కనబడుతుంది. అయితే ఒక్కసారి కూడా కాల్చని తూటాల మెడలు పగలడం మన వాతావరణంలో కొత్త కాదు. బ్రిటిష్ పాలనలో వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాలు వాటంతట అవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు కలిసి లోహాన్ని చీలుస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు వివరించారు. మన ఇళ్లలో పశువుల కొట్టాన్ని ఆనుకొని ఉన్న గది, యూరియా బస్తాలు పేర్చిన గది ఈ కారణంగానే ఇత్తడికి పనికిరావు. తోలు పటకాలో ఏళ్ల తరబడి ఉండి పచ్చని చిలుము పట్టిన డొప్పలను కూడా నేను నమ్మను. పైచిలుమును తుడిచివేసినా అది లోపల ఎంత లోతుకు తిన్నదో కంటికి తెలియదు.

ఇక ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన పరీక్షకు వద్దాము. డొప్ప గోడ అడుగు దగ్గర మందంగా ఉండి పైకి పోనుపోను పలుచబడుతుంది. పేలినప్పుడు పలుచని పైభాగం ఛాంబర్ గోడను పట్టుకొని కదలకుండా ఉంటే, మందమైన అడుగు వెనుకకు జరిగి బోల్టును తాకుతుంది. బోల్టుకు, అడుగుకు మధ్య ఖాళీ ఎక్కువగా ఉన్నకొద్దీ ఈ రెండింటి నడుమ ఉన్న ఇత్తడి అంత ఎక్కువగా సాగి, లోపలివైపు చుట్టూ గాడిలాగా పలుచబడుతుంది. బయట అడుగుకు కొద్దిగా పైన మెరిసే సన్నని వలయం కనబడితే అనుమానించాలి. కాని బయటి వలయమంతా ప్రమాద సూచన కాదు, ఛాంబర్ ఆకారం వల్ల కూడా అటువంటి గీత పడవచ్చు. అందుచేత సన్నని గట్టి తీగ కొనను లంబకోణంలో కొద్దిగా వంచి, మొన తేలేటట్లు అరగదీసి, మెడలోంచి లోపలికి దింపి, అడుగు నుండి పైకి గోడ వెంట మెల్లగా లాగాలి. తీగ కొన ఏదైనా చోట గాడిలో పడి ఆగినట్లు వేళ్లకు తెలిస్తే ఆ డొప్ప మరొకసారి కాల్చినప్పుడు రెండుగా తెగవచ్చు. తెగితే పైభాగం ఛాంబర్‌లోనే ఇరుక్కొంటుంది, అధిక ఒత్తిడి వాయువులు కాల్చేవాని ముఖం వైపు రావచ్చు.

పట్టీ ఉన్న .375లో ఈ లోపం తరచుగా కనబడుతుంది. పట్టీ లోతును నిర్ణయిస్తుంది కనుక తయారీదారులు డొప్ప భుజానికి (మెడ కింద వాలుగా ఉండే భాగానికి), ఛాంబర్‌కు మధ్య ఖాళీని ఉదారంగా వదిలారు. ఆ ఖాళీని నింపడానికి ఇత్తడి మొదటిసారే ఎక్కువగా సాగుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ తరహా బోల్టు ఉన్న .315లో కారణం వేరు. అందులో బోల్టు తాళం వెనుకవైపు పడుతుంది కనుక పేలుడు ఒత్తిడికి యంత్రభాగం కొద్దిగా సాగి తిరిగి మామూలవుతుంది, డొప్ప మాత్రం సాగినట్లే ఉండిపోతుంది. ఒకే రైఫిల్‌లో కాల్చిన డొప్పలన్నింటిలోనూ గాడి ఉంటే తప్పు డొప్పలది కాకపోవచ్చు. ఛాంబర్ ఖాళీని లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారు చేత కొలిపించాలి.

ప్రైమర్‌ను చివర చూడాలి. అంచులు చదునై అడుగుతో కలిసిపోయినట్లున్నా, సూది గుంట చుట్టూ ఇత్తడి ఉబికినా, గుంట మధ్య రంధ్రం పడినా ఒత్తిడి అధికమైందని అనుమానించవచ్చు. ప్రైమర్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు, మెత్తని ప్రైమర్ సాధారణ ఒత్తిడికే చదునవుతుంది. పాత తూటాలలో వాడిన కార్డైట్ ఎండకు త్వరగా స్పందించే మందు. వేడి పెరిగితే దాని ఒత్తిడి పెరుగుతుంది. ఇంగ్లండు చలిలో సరిపోయిన తూటా, 44 డిగ్రీలు దాటే మన మే నెల ఎండలో డొప్ప బిగుసుకుపోయేంత ఒత్తిడి తేగలదు. అందుకే ఉష్ణదేశాల కోసం మందు తగ్గించిన తూటాలు ప్రత్యేకంగా తయారయ్యేవి. నైట్రో ఎక్స్‌ప్రెస్ డొప్పలు అంత పెద్దవిగా, తక్కువ ఒత్తిడితో పనిచేసేవిగా ఉండడానికీ ఈ ఎండ ఒక ముఖ్య కారణం. మరొక మాట: పాదరస ప్రైమర్‌తో పేలిన పాత డొప్ప చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా బలహీనపడి ఉంటుంది, పాదరసం ఇత్తడిలోకి ఇంకిపోతుంది కనుక.

వచ్చే పాఠంలోపు మీ దగ్గరున్న ఖాళీ డొప్పలను పగటి వెలుతురులో ఒక్కొక్కటిగా తీసుకొని పేరు, మెడ, తీగ పరీక్ష, ప్రైమర్ అనే వరుసలో చూసి, ఒక్కొక్కదానికి ఒక చీటీ రాసిపెట్టండి. గాడి తగిలినవాటి మెడను పటకారుతో నొక్కి చదును చేసి వేరే డబ్బాలో వేయండి. మిగిలినవాటి పొడవును వెర్నియర్‌తో కొలవడం నాలుగవ పాఠంలో మొదలుపెడతాము.