మునిగిపోయిన ఒక డిస్ట్రాయర్ కథ మొత్తం వెతికి తీయడం ఎలా: వాంపైర్ ఉదాహరణతో

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఈ మాట మన వైపు చాలా ఇళ్లలో పెద్దవాళ్ల నోట విన్నదే. మా అమ్మమ్మ కూడా చెప్పేది, జనం మూటాముల్లె సర్దుకుని బళ్లు కట్టుకుని పల్లెలకు వెళ్లిపోయారని. ఆ వారంలో బంగాళాఖాతంలో ఇంకేం జరిగిందో చూద్దామని మొదలుపెడితే నాకు తగిలిన ఓడ వాంపైర్. ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన డిస్ట్రాయర్, అంటే పెద్ద ఓడలకి కాపలాగా వెళ్లే చిన్న, వేగమైన యుద్ధనౌక, మన తీరంలో బాంబులు పడిన మూడో రోజున, ఏప్రిల్ 9న, శ్రీలంక తూర్పు తీరం దగ్గర మునిగింది. ఇలాంటి ఓడ చరిత్ర వెతకాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడెక్కడ పొరపాటు పడతారో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. మునిగిన రోజుతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడికే పరిగెత్తుతారు, ఎన్ని బాంబులు, ఎన్ని నిమిషాలు అని. కానీ ఓడ ఎందుకు మునిగిందో ఆ రోజు కాగితాల్లో సగమే దొరుకుతుంది, మిగతా సగం ఆ ఓడ కట్టిన సంవత్సరంలోనే ఉంటుంది.

కాబట్టి మొదటి పని, మీరు వెతికే ఓడ అదేనా కాదా అని తేల్చుకోవడం. నౌకాదళాలు పాత ఓడల పేర్లే కొత్తవాటికి మళ్లీ పెడతాయి. సిడ్నీలో డార్లింగ్ హార్బర్ దగ్గర మ్యూజియంగా నిలబెట్టిన వాంపైర్ ఉంది చూడండి, మనవాళ్లు చాలామంది ఎక్కి ఫొటోలు దిగుతుంటారు, అది 1950ల్లో కట్టిన వేరే ఓడ, దాని నంబరు డి11. 1942లో మునిగినది డి68. బ్రిటన్‌కి ఇదే పేరుతో ఒక జలాంతర్గామి కూడా ఉండేది. నెట్‌లో ఈ మూడింటి ఫొటోలు కలిసిపోయి కనిపిస్తాయి, అందుకే పేరుతో పాటు నంబరు, సంవత్సరం కూడా పెట్టి వెతకాలి. జెండా కూడా చూసుకోవాలి. ఈ ఓడ పుట్టింది బ్రిటిష్ ఓడగా, 1933లో ఆస్ట్రేలియాకి ఇచ్చారు. అంటే పాత కాగితాలు ఒక దేశంలో, తర్వాతివి ఇంకో దేశంలో ఉంటాయి.

రెండోది, నోట్‌బుక్ మొదటి పేజీలో ఓడ శరీరం గురించి రాయండి. వాంపైర్‌ని ఇంగ్లండ్‌లో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపం మీదున్న కౌస్ రేవులో కట్టారు, 1917లో నీళ్లలోకి దించారు. 4 అంగుళాల ఫిరంగులు నాలుగు, టార్పెడో గొట్టాలు ఆరు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. మీరు ఇంకొక్క లైను రాయండి: ఆ ఫిరంగులు 30 డిగ్రీలకు మించి పైకి లేవవు. సముద్రం మీద ఎదురుగా వచ్చే ఓడని కొట్టడానికి చేసినవి అవి, నెత్తి మీద నుంచి నిట్టనిలువుగా దూకే విమానాన్ని కొట్టడానికి కాదు. ఈ లైను కింద గీత గీసి పెట్టుకోండి, చివర్లో దీనికే మళ్లీ వస్తాం.

ఇక తేదీల పట్టిక. నేను నాలుగు గళ్లు గీస్తాను: తేదీ, చోటు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు. నాలుగో గడి బద్ధకించి వదిలేస్తే నెల తర్వాత మీ నోట్సు మీకే నమ్మబుద్ధి కాదు. వాంపైర్ పట్టిక 1940లో మధ్యధరా సముద్రంలో చిక్కబడుతుంది. స్టువర్ట్, వెండెటా, వాయేజర్, వాటర్‌హెన్, వాంపైర్, ఈ ఐదు ముసలి ఓడల్నీ జర్మనీ ప్రచార యంత్రాంగం పాత ఇనుప సామాను అని వెక్కిరించింది, ఆ నావికులు ఆ పేరునే బిరుదులా పెట్టుకున్నారు. 1940 జులైలో, ఇటలీలోని కలాబ్రియా దగ్గర పెద్ద నౌకాయుద్ధం జరిగిన రెండు రోజులకి, పక్కనే పడ్డ బాంబు పెంకులు తగిలి వాంపైర్ గన్నర్ ఒకాయన ప్రాణం పోయింది. చూడండి, ఈ ఓడ మీద విమానాల దెబ్బ 1942లో మొదలు కాలేదు. ఆ తర్వాత గ్రీసు నుంచి సైనికుల్ని తీసుకురావడం, లిబియాలోని టోబ్రుక్ రేవుకి సరుకులు చేరవేయడం, అన్నీ విమానాల కిందే. 1941 మధ్యలో మరమ్మతుకి సింగపూర్ పంపారు. ఇలా ఒక్కో వరుస నింపుతూ పోతే ఓడ ఎంత అలిసిపోయిందో మీకే అర్థమవుతుంది.

మరి ఈ వివరాలన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఆస్ట్రేలియా నౌకాదళం తన వెబ్‌సైట్‌లో ఒక్కో ఓడకి ఒక్కో చరిత్ర పేజీ పెట్టింది, అక్కడ మొదలుపెట్టండి. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సైట్‌లో అధికారిక యుద్ధ చరిత్ర సంపుటాలు ఉచితంగా చదువుకోవచ్చు, ఫొటోలూ ఉంటాయి. బ్రిటిష్ కాగితాలకి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్, అందులో అడ్మిరాల్టీ (బ్రిటిష్ నౌకాదళ కార్యాలయం) ఫైళ్లు. జపాన్ వైపు కాగితాలకి జాకర్ అని ఆ దేశపు డిజిటల్ ఆర్కైవ్ ఉంది. అయితే లాగ్‌బుక్, అంటే ఓడలో రోజూ రాసే పుస్తకం, దొరుకుతుందని పెద్దగా ఆశ పెట్టుకోకండి. యుద్ధకాలపు బ్రిటిష్ డిస్ట్రాయర్ల లాగ్‌బుక్కులు చాలావరకు ఉంచలేదు, మునిగిన ఓడ ఆఖరి రోజుల లాగ్‌బుక్ ఎలాగూ ఓడతోనే పోతుంది. అందుకని పక్కన ఉన్న ఓడల రిపోర్టులు పట్టుకోవాలి. నాకు బాగా పనికొచ్చిన కిటుకు ఇదే.

ఇంకో చిన్న విషయం, కానీ చాలా టైం మిగులుతుంది: ఊళ్ల పాత పేర్లతో వెతకండి. విశాఖ అంటే ఆ కాగితాల్లో వైజాగపటం, కాకినాడ అంటే కోకనాడ, శ్రీలంక అంటే సిలోన్. కొత్త పేరుతో వెతికి ఏమీ లేదనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

పక్క ఓడల సంగతి అన్నాను కదా, 1941 డిసెంబర్ తీసుకోండి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధనౌకలు సింగపూర్ నుంచి బయల్దేరితే తోడు వెళ్లిన డిస్ట్రాయర్లు నాలుగు: ఎలక్ట్రా, ఎక్స్‌ప్రెస్, టెనెడోస్, వాంపైర్. మలయా తీరంలో క్వాంటన్ దగ్గర డిసెంబర్ 10న జపాన్ విమానాలు రెండు పెద్ద నౌకల్నీ ముంచేశాయి, 840 మంది చనిపోయారు. వాంపైర్ 200 మందికి పైగా నీళ్లలోంచి లాగి ఎక్కించుకుంది. ఈ నాలుగు డిస్ట్రాయర్లకీ నాలుగు వరుసలు గీసి తర్వాత ఏమైందో రాయండి. ఎలక్ట్రా ఫిబ్రవరి 27న జావా సముద్రంలో పోయింది. టెనెడోస్ ఏప్రిల్ 5న కొలంబో హార్బర్‌లో పోయింది. నాలుగు రోజులకి వాంపైర్. యుద్ధం దాటి మిగిలింది ఎక్స్‌ప్రెస్ ఒక్కటే. ఆ పేజీ రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మధ్యలో 1942 జనవరి 27 తెల్లవారకముందే మలయా తూర్పు తీరంలో ఎండౌ అనే చోట వాంపైర్, థానెట్ అనే ఇంకో ముసలి డిస్ట్రాయర్‌తో కలిసి తమకంటే చాలా బలమైన జపాన్ దళం మీదికి వెళ్లింది. థానెట్ మునిగింది, వాంపైర్ తప్పించుకుని సింగపూర్ చేరింది.

ఇప్పుడు ఆఖరి రోజుకి రండి. జపాన్ నౌకాదళం వస్తోందని తెలిసి ఏప్రిల్ 8 రాత్రి శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవు ఖాళీ చేయించారు. బ్రిటిష్ విమాన వాహక నౌక హెర్మిస్, తోడుగా వాంపైర్ దక్షిణానికి వెళ్లాయి. విమాన వాహక నౌక అన్న మాటే గానీ ఆ రోజు హెర్మిస్ మీద ఒక్క విమానమూ లేదు. ఉదయం మళ్లీ ట్రింకోమలీ వైపు తిరిగి రమ్మన్నారు. ఆ ఉదయమే జపాన్ నిఘా విమానం వాటిని చూసేసింది. బట్టికలోవా దగ్గర పదిన్నర దాటాక సుమారు 85 డైవ్ బాంబర్లు వచ్చి పడ్డాయి. ఒడ్డు నుంచి రావాల్సిన ఫైటర్లు సమయానికి రాలేదు. హెర్మిస్ నిమిషాల్లో మునిగింది, 307 మంది పోయారు. తర్వాత విమానాలు వాంపైర్ మీదికి తిరిగాయి. ఓడ రెండు ముక్కలైంది. ఇప్పుడు మొదటి పేజీలో గీత గీసిన లైను తీసి మళ్లీ చదవండి. మనిషి ఎంత ధైర్యంగా నిలబడినా ఆ ఫిరంగి 30 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది.

ఈ రోజు గురించి రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడండి. ఒకటి గడియారం. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో టైమే రాసుకునేది, కాబట్టి రెండు వైపుల కాగితాల మధ్య సుమారు మూడు గంటల తేడా వస్తుంది. సరిచేయకుండా రాస్తే దాడి మధ్యాహ్నం జరిగినట్టు తేలుతుంది. రెండోది, విశాఖ మీద బాంబులు వేసిన విమానాలే వాంపైర్‌ని ముంచాయని కలిపేయకండి. మొదట నేనూ అలాగే రాసి కొట్టేశాను. మన తీరానికి వచ్చినవి జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమాన వాహక నౌకవి. వాంపైర్‌ని ముంచినవి ఇంకో అడ్మిరల్ నగుమో దళానివి. ఒకే దండయాత్ర, రెండు దళాలు.

ఇక మనుషులు. వాంపైర్‌లో చనిపోయినవాళ్లు ఓడ కెప్టెన్ అయిన కమాండర్ మోరన్‌తో కలిపి పది మంది లోపే, ఎందుకంటే దగ్గర్లో ఉన్న వీటా అనే ఆసుపత్రి ఓడ వచ్చి రెండు ఓడలవాళ్లనీ కలిపి దాదాపు 600 మందిని ఎక్కించుకుంది. యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఓడ పేరు, తేదీ ఇచ్చి వెతికితే ఒక్కొక్కరి పేరు, హోదా వస్తాయి. అంకె రాసి వదిలేయకండి, పేర్లు మీ చేత్తో ఒక్కసారి రాయండి.

అదే సైట్‌లో మనవాళ్ల కోసం కూడా వెతకొచ్చు. ఆ వారం బంగాళాఖాతంలో మునిగిన సరుకు ఓడల్లో పనిచేసే భారతీయ ఖలాసీలు ఎందరో ఉండేవారు. సమాధి కూడా దొరకని భారతీయ నావికుల పేర్లు 6,000కు పైగా చిట్టగాంగ్, బొంబాయి స్మారకాల కింద నమోదయ్యాయి. పేర్లు ఇంగ్లిష్ గుమాస్తాలు విన్నట్టు రాసుకున్నవి, ఇంటిపేరుతో వెతికితే దొరకవు. ఓడ పేరు తెలిస్తే ఓడతో వెతకండి, తెలియకపోతే 1942 ఏప్రిల్ 4 నుంచి 9 వరకు ఒక్కో తేదీ పెట్టి చూడండి.