వీఎస్ కోడ్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్టులను తప్పు లేకుండా విప్పడం ఎలా?

ఒకే ఫైలులో ఒకే చోటును ఇద్దరు రెండు విధాలుగా మార్చినప్పుడు, ఆ మార్పులను కలపబోయిన గిట్ (ఫైళ్ల మార్పులను నమోదు చేసే సాధనం) ఏది ఉంచాలో తేల్చుకోలేక ఆగిపోవడమే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్. అలా కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ఫైలును వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో తెరిచి, పైనున్న 'యాక్సెప్ట్ బోత్ ఛేంజెస్' మీద మౌస్‌తో నొక్కి, రంగుల పట్టీలు పోయాయి కాబట్టి పని అయిపోయిందనుకొని కమిట్ చేసేవారిని, అంటే ఆ మార్పును గిట్‌లో నమోదు చేసేసేవారిని, నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. తప్పంతా వారిదే అనలేను. ప్రతి కాన్‌ఫ్లిక్టుకూ మూడు పాఠాలు ఉంటాయి: రెండు పక్షాలు మార్చిన పాఠాలు రెండు, ఎవరూ మార్చకముందు ఉన్న మూల పాఠం ఒకటి. గిట్ తన సహజమైన అమరికలో వాటిలో రెండింటినే చూపిస్తుంది, వీఎస్ కోడ్ ఆ రెండింటిలో ఒకదానికి ఆకుపచ్చ రంగు పూసి అదే సరైనదేమో అన్న భ్రమ కలిగిస్తుంది. ఈ రెండు లోపాలనూ సరిదిద్దుకోవడానికి పావుగంట చాలు. సరిదిద్దుకున్న తరువాత కాన్‌ఫ్లిక్టును ఎలా చదవాలన్నదే అసలు కష్టమైన సంగతి కనుక, అమరికలను త్వరగా ముగించి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కావలసినవి రెండే: వీఎస్ కోడ్, గిట్ 2.35 లేదా ఆ తరువాతి వెర్షన్. గిట్ 2.35 విడుదలైంది 2022 జనవరిలో కాబట్టి చాలామంది దగ్గర అంతకంటే కొత్తదే ఉంటుంది. టెర్మినల్‌లో 'గిట్ --వెర్షన్' అని కొడితే తెలిసిపోతుంది. ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

మొదటి దశ: మీటలు

కంట్రోల్+కె, వెంటనే కంట్రోల్+ఎస్ నొక్కితే కీబోర్డ్ షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. వెతికే పెట్టెలో 'మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్' అని రాస్తే సంబంధిత ఆదేశాలన్నీ వరుసగా వస్తాయి. 'నెక్స్ట్ కాన్‌ఫ్లిక్ట్'కు ఆల్ట్+ఎం తరువాత ఎన్, 'ప్రీవియస్ కాన్‌ఫ్లిక్ట్'కు ఆల్ట్+ఎం తరువాత పి, 'యాక్సెప్ట్ కరెంట్'కు ఆల్ట్+ఎం తరువాత యు, 'యాక్సెప్ట్ ఇన్‌కమింగ్'కు ఆల్ట్+ఎం తరువాత ఎల్ కేటాయించండి. మీట నమోదు చేసే పెట్టెలోనే, ఆ కలయికను ఇప్పటికే వేరే ఆదేశం వాడుకుంటున్నదీ లేనిదీ కింద కనబడుతుంది. ఉంటే మరో కలయికను ఎంచుకోండి.

యు అంటే అప్పర్, ఎల్ అంటే లోయర్. 'కరెంట్'కు సి, 'ఇన్‌కమింగ్'కు ఐ పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టుకోకూడదు. ఆ రెండు మాటల అర్థం సందర్భాన్ని బట్టి తలకిందులవుతుంది. పై భాగం, కింది భాగం అన్నవి మాత్రం ఎప్పుడూ మారవు. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో కాన్‌ఫ్లిక్టులు విప్పే ఎస్‌మెర్జ్ మోడ్ కూడా మొదట వాడిన 'మైన్', 'అదర్' అనే పేర్లను వదిలిపెట్టి 'అప్పర్', 'లోయర్' అనే పేర్లకే మారింది. 'యాక్సెప్ట్ బోత్'కు ఏ మీటా ఇవ్వవద్దు. అది రెండు భాగాలనూ ఒకదాని కింద ఒకటి అతికించడం తప్ప మరేమీ చేయదు.

రెండవ దశ: మూడు సెట్టింగులు

కంట్రోల్+కామా నొక్కి సెట్టింగులు తెరవండి. 'మెర్జ్-కాన్‌ఫ్లిక్ట్' అని వెతికి, కోడ్ లెన్స్‌ను ఆపివేయండి. కాన్‌ఫ్లిక్టు నెత్తిన నొక్కడానికి సిద్ధంగా ఉండే ఆ లింకుల వరుస అదే. అది కనబడుతున్నంత కాలం చేయి మౌస్ మీదికే పోతుంది, చదవడం జరగదు. 'ఆటో నావిగేట్ నెక్స్ట్ కాన్‌ఫ్లిక్ట్' అనేది ఆపివేసే ఉంటుంది, అలాగే ఉంచండి. లేకపోతే ఒక భాగాన్ని ఎంచుకున్న మరుక్షణం, ఫలితం ఎలా వచ్చిందో చూసుకునే వీలు లేకుండా, తెర తరువాతి చోటికి దూకుతుంది. మూడవది 'గిట్: మెర్జ్ ఎడిటర్'. మూడు గళ్లుగా విడిపోయే ఆ తెర పెద్ద మానిటర్ ఉన్నవారికి బాగానే ఉంటుందేమో గాని, 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన ఉండే గళ్లలో సగం వరుసే మిగులుతుంది, ప్రతి వరుసకూ అటూ ఇటూ జరపవలసి వస్తుంది. దానినీ ఆపే ఉంచండి. మూల పాఠం చూపించే సౌకర్యం అందులోనూ ఉంది. అయితే అది ఫైలు లోపలే, కాన్‌ఫ్లిక్టు మధ్యలోనే కనిపిస్తే ఏ ఎడిటర్‌లో తెరిచినా మీ వెంట ఉంటుంది.

మూడవ దశ: మూల పాఠాన్ని బయటికి తీయడం

టెర్మినల్‌లో ఈ ఒక్క వరుస కొట్టండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ జెడ్‌డిఫ్3

గిట్ పాతదైతే జెడ్‌డిఫ్3 అనే మాటను అది గుర్తించదు. అప్పుడు చివరి మాటను డిఫ్3 అని మార్చండి. ఈ అమరిక ఇకమీదట వచ్చే కాన్‌ఫ్లిక్టులకే వర్తిస్తుంది. ఇప్పటికే కాన్‌ఫ్లిక్టులో ఉన్న ఫైలుకు కావాలంటే 'గిట్ చెకౌట్ --కాన్‌ఫ్లిక్ట్=జెడ్‌డిఫ్3' అని, ఆ తరువాత ఫైలు పేరు ఇవ్వాలి. అయితే ఈ ఆదేశం మార్కర్లన్నిటినీ (కాన్‌ఫ్లిక్టు హద్దులు చూపే గుర్తుల వరుసలను) కొత్తగా వేస్తుంది కాబట్టి, ఆ ఫైలులో మీరు అప్పటివరకు చేతితో సరిచేసినదంతా పోతుంది. సగం పని అయ్యాక దీనిని వాడి, ఆ తరువాత నన్ను తిట్టుకున్నవారు ఉన్నారు.

దీని విలువ చూడడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. ఫుడ్ డెలివరీ ధరల ఫైలులో, పాత అమరికలో ఇలా కనిపించిందనుకోండి:

<<<<<<< హెడ్
డెలివరీ ఛార్జీ = 50
ప్యాకింగ్ ఛార్జీ = 15
=======
డెలివరీ ఛార్జీ = 60
>>>>>>> కొత్త-ధరలు

ప్యాకింగ్ ఛార్జీ పైన ఉంది, కింద లేదు. పైవారు దానిని కొత్తగా చేర్చారా, లేక ముందునుంచీ ఉన్నదానిని కిందివారు తీసివేశారా? ఎంతసేపు చూసినా ఈ ఆరు వరుసల్లో దీనికి జవాబు దొరకదు. అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడ ఊహిస్తారు, 'ఉన్నదానిని ఎందుకు పోగొట్టాలి' అని ఉంచేస్తారు. ఒకసారి నేనూ అలాగే ఉంచాను. కింది పక్షంలో పనిచేసిన మిత్రుడు ఆ వరుసను కావాలనే తీసి, అదే ఛార్జీని వేరే ఫైలులోకి మార్చి ఉన్నాడు; నేను పాతదానిని మళ్లీ బతికించినందువల్ల బిల్లులో 15 రూపాయలు రెండుసార్లు పడ్డాయి. టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి.

జెడ్‌డిఫ్3తో అదే చోటు ఇలా ఉంటుంది:

<<<<<<< హెడ్
డెలివరీ ఛార్జీ = 50
ప్యాకింగ్ ఛార్జీ = 15
||||||| 4097813
డెలివరీ ఛార్జీ = 40
ప్యాకింగ్ ఛార్జీ = 15
=======
డెలివరీ ఛార్జీ = 60
>>>>>>> కొత్త-ధరలు

ఏడు నిలువు గీతల కింద ఉన్నది రెండు బ్రాంచులూ (విడివిడిగా సాగే పని శాఖలు) విడిపోకముందు ఉన్న పాఠం. ప్యాకింగ్ ఛార్జీ అందులో ఉంది కాబట్టి తీసివేసింది కిందివారే, సందేహం లేదు. పక్కన ఉన్న అంకెలు ఆ పాత కమిట్‌కు సంక్షిప్త గుర్తు.

ఇప్పుడు రంగు. ఆకుపచ్చ పైభాగానికి, నీలం కింది భాగానికి, ఎవరి కంటికీ ఆనని బూడిద రంగు మూలానికి ఇచ్చారు. నా దృష్టిలో ముందుగా కనబడవలసినదే మరుగున పడింది. సెట్టింగుల జేసన్ ఫైలులో 'వర్క్‌బెంచ్.కలర్‌కస్టమైజేషన్స్' కింద 'మెర్జ్.కామన్‌కంటెంట్‌బ్యాక్‌గ్రౌండ్' అనే పేరుకు #99770040 అనే విలువ ఇస్తే మూల భాగం పలుచని పసుపు రంగులోకి వస్తుంది. చివరి రెండు అంకెలు పారదర్శకత కోసం. వాటిని వదిలేస్తే రంగు చిక్కబడి, సెలెక్ట్ చేసినట్టు చూపే రంగు దాని వెనక కనబడకుండా పోతుంది.

నాలుగవ దశ: చదవడం

అందరూ తడబడేది ఇక్కడే. కన్ను పైభాగం నుంచి కింది భాగానికి పోవడానికి అలవాటు పడి ఉంటుంది. ఆ అలవాటును మానుకోవాలి. మొదట పసుపు భాగం చదవండి. తరువాత మూలం నుంచి పైభాగానికి ఏమి మారిందో ఒక వాక్యంలో మనసులో చెప్పుకోండి: 'డెలివరీ 40 నుంచి 50 అయింది.' ఆపైన మూలం నుంచి కింది భాగానికి ఏమి మారిందో చెప్పుకోండి: 'డెలివరీ 40 నుంచి 60 అయింది, ప్యాకింగ్ పోయింది.' ఈ రెండు వాక్యాలూ చెప్పుకోలేకపోతే ఆ కాన్‌ఫ్లిక్టును ముట్టుకోవద్దు. చెప్పుకోగలిగితే, ఎక్కువ మార్పు జరిగిన భాగాన్ని మీటతో ఉంచి, రెండవ పక్షంవారి చిన్న మార్పును దానిలో చేతితో చేర్చండి. పెద్ద మార్పును చిన్నదానిలోకి మోసుకొచ్చే ప్రయత్నంలోనే వరుసలు జారిపోతాయి.

ఈ ఉదాహరణలో కింది భాగాన్ని ఉంచితే ప్యాకింగ్ సంగతి తేలిపోతుంది, కాని 50 సరైనదా 60 సరైనదా అన్నది ఏ ఎడిటరూ చెప్పలేదు. 'గిట్ లాగ్ --మెర్జ్ -పి' అని కొడితే కాన్‌ఫ్లిక్టులో ఉన్న ఫైళ్లను రెండు వైపులా మార్చిన కమిట్లు మాత్రమే వస్తాయి. రాసినవారి పేరు చూసి వారినే అడగండి. రెండూ ఉంచేస్తే ఏమవుతుందంటే, ఒకే పేరు రెండుసార్లు వచ్చినప్పుడు చాలా ఫార్మాట్లలో చివరిదే చెల్లుతుంది, ఏ హెచ్చరికా రాదు.

జెడ్‌డిఫ్3 గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు పక్షాలూ ఒకే విధంగా మార్చిన వరుసలు కాన్‌ఫ్లిక్టు మొదట్లోనో చివరనో ఉంటే, వాటిని అది మార్కర్ల బయటికి నెట్టేస్తుంది, మూలాన్ని మాత్రం కత్తిరించదు. అందువల్ల మూలంలో కనిపించిన వరుస పైనా కిందా లేనప్పుడు ఇద్దరూ తొలగించారని తీర్మానించే ముందు, మార్కర్లకు వెలుపల ఉన్న రెండు మూడు వరుసలు కూడా చూడండి.

ఇంతకంటే ప్రమాదకరమైనది రీబేస్. మామూలు మెర్జ్‌లో 'కరెంట్' అంటే మీరు నిలబడి ఉన్న బ్రాంచ్, అంటే మీ పని. 'ఇన్‌కమింగ్' అంటే బయటినుంచి వస్తున్నది. రీబేస్‌లో గిట్ ముందుగా అవతలి బ్రాంచ్ కొసకు వెళ్లి నిలబడి, మీ కమిట్లను ఒక్కొక్కటిగా తెచ్చి దానిపై పేరుస్తుంది. కాబట్టి అక్కడ 'కరెంట్' అంటే ఇతరుల పని, 'ఇన్‌కమింగ్' అంటే మీ సొంత కమిట్. 'నాది ఉంచుకుంటాను' అనుకొని కరెంట్‌ను వరుసగా ఎంచుకుంటూ పోయి, మూడు రోజుల తన పనిని తానే తుడిచివేసుకున్న కుర్రవాడి పక్కన కూర్చుని రీఫ్‌లాగ్ (గిట్ తన పాత స్థితులను రాసిపెట్టుకునే చిట్టా) లోంచి దానిని తవ్వి తీయవలసి వచ్చింది. 'గిట్ పుల్' (ఇతరుల మార్పులను తెచ్చి కలిపే ఆదేశం) కూడా రీబేస్ చేసేలా అమర్చి ఉన్న యంత్రాల్లో, రీబేస్ జరుగుతోందన్న సంగతే చాలామందికి తెలియదు.

అందువల్ల ఏ మీటా నొక్కకముందే 'గిట్ స్టేటస్' చూడండి. రీబేస్ మధ్యలో ఉంటే అది స్పష్టంగా చెబుతుంది. మూల భాగం మార్కర్ పక్కన 'పేరెంట్ ఆఫ్' అని ఉండి, ఆ వెంట మీ కమిట్ సందేశమే కనిపించడం కూడా రీబేస్‌కు గుర్తే. స్టాష్‌ను, అంటే తాత్కాలికంగా పక్కన పెట్టిన మార్పులను, తిరిగి తెచ్చుకునేటప్పుడు మాత్రం పైన 'అప్‌డేటెడ్ అప్‌స్ట్రీమ్', కింద 'స్టాష్డ్ ఛేంజెస్' అని పేర్లు వస్తాయి కనుక తికమక ఉండదు. ఏది ఎవరిదో తేల్చుకోలేకపోతే 'గిట్ మెర్జ్ --అబార్ట్' లేదా 'గిట్ రీబేస్ --అబార్ట్' చేసి మొదటికి రావడంలో నామోషీ ఏమీ లేదు.

ఐదవ దశ: సరిచూసుకోవడం

ఫైళ్లను స్టేజ్ చేశాక (కమిట్‌కు సిద్ధం చేశాక) 'గిట్ డిఫ్ --క్యాష్డ్ --చెక్' నడపండి. ఎక్కడైనా మార్కర్ మిగిలిపోతే వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. మార్క్‌డౌన్ ఫైళ్లలో శీర్షిక కింద సరిగ్గా ఏడు సమాన గుర్తులతో గీత గీసి ఉంటే దానినీ మార్కర్‌గానే భావించి ఫిర్యాదు చేస్తుంది, కంగారుపడనక్కరలేదు. ఆ తరువాత మెర్జ్ అయితే కమిట్, రీబేస్ అయితే 'గిట్ రీబేస్ --కంటిన్యూ'.

పొడుగాటి రీబేస్‌లో అదే కాన్‌ఫ్లిక్ట్ పదే పదే ఎదురవుతుంటే 'రీరీరీ.ఎనేబుల్డ్' (rerere.enabled) అనే అమరికకు 'ట్రూ' ఇవ్వండి. మీరు ఒకసారి విప్పిన తీరును గిట్ గుర్తుపెట్టుకుని తరువాత తానే వేస్తుంది. మీరు తప్పుగా విప్పినా అంతే నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి 'రీరీరీ.ఆటోఅప్‌డేట్' జోలికి పోకండి. అది లేకపోతే ఫైలు తనంతట తాను స్టేజ్ కాదు, మీరు తెరిచి చూసేదాకా ఆగుతుంది. చూసినప్పుడు పాత తప్పే కనబడితే, 'గిట్ రీరీరీ ఫర్గెట్' అని ఫైలు పేరు ఇచ్చి దానిని మరిపించి, మూడవ దశలోని చెకౌట్ ఆదేశంతో మార్కర్లను తిరిగి తెచ్చుకోండి.